తడి గోనె సంచులు

లాయరు పంపిన ఉత్తరాన్ని ట్రూడీ మూడోసారి చదివింది. చదవడం అంటే మామూలు చదవడం కాదు, ఒక్కో ముక్కా నమిలి ఉమ్మడం.

“‘ఉలి గానీ, అటువంటి వేరే పనిముట్టు గానీ వాడి, పడవ చెక్కల అతుకులను కావాలని వదులు చేశారని మా క్లయింటు భావిస్తున్నారు.’ భావిస్తున్నారట! వాడి మొహం! ఇరవై రెండేళ్ళ కాపురంలో నీ పుట్టినరోజు ఎప్పుడో గుర్తులేదు గానీ, ఇప్పుడు తెగ భావిస్తున్నాడు.”

రోవీనా నవ్వలేదు. వంటింటి కిటికీలోంచి ఖాళీ రేకుల షెడ్డు కేసి చూస్తూ కూర్చుంది.

“పద్నాలుగు రోజుల్లో దారికి రాకపోతే కోర్టుకి ఈడుస్తాట్ట. ఈడ్వమను. ఒసేయ్ రో, అసలు ఉలిని ఏ కొస పట్టుకోవాలో అయినా తెలుసా నీకు?”

“తెలీదు.”

“అదీ! ఇంకేం కావాలి?”

ట్రూడీ చెల్లెలి మీద ఈగ వాలనివ్వని మనిషి. అప్పటికే హోబార్ట్ పట్నంలో ఒక లాయరమ్మతో మాట్లాడేసింది. సాక్ష్యం తనే చెబుతానని, బుధవారం వచ్చి సంతకం పెడతానని ఒప్పేసుకుంది కూడా. ఆ సాక్ష్యంలో ఉన్నదల్లా ఒక్కటే మాట: పడవ తీసుకెళ్ళిన రోజు పొద్దున అందులో గోనె సంచులు తడిగా ఉన్నాయి, నా కళ్ళతో చూశాను.

ఆ మాట నిజమే. రోవీనాకి నిద్ర పట్టనివ్వనిది కూడా అదే.

పడవ పేరు మేవిస్. రోవీనా మాజీ మొగుడు డెస్, అతని నాన్న క్లారీ కలిసి ఈ షేల్ బే ఒడ్డునే కట్టారు. పైన్ చెక్క, రాగి మేకులు, ఒక చెక్క అంచు మీద ఇంకో చెక్క అంచు ఎక్కించి బిగించిన పద్నాలుగు అడుగుల పడవ. ముసలాయన దానికి పోయిన భార్య పేరు పెట్టుకున్నాడు. ఆయన చేతుల మీదుగా కట్టిన ఆఖరి పడవ అదే. ఇలాంటి పడవలు ఒడ్డున ఊరికే పడి ఉంటే ఎండిపోతాయి. ఎండితే చెక్కలు బిగువు సడలి ఎడం ఇస్తాయి, ఆ ఎడం మాత్రం పైకి కనపడదు. అందుకని లోపల గోనె సంచులు పరిచి, వారానికి రెండుసార్లు సముద్రం నీళ్ళు పొయ్యాలి. మంచినీళ్ళు పోస్తే కుళ్ళిపోతాయి. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆ ఒడ్డున లేరు.

ఆస్పత్రి మంచం మీద క్లారీ ఈ పని కొడుక్కి అప్పజెప్పలేదు. కోడలి చెయ్యి పట్టుకున్నాడు.

“రెండు బక్కెట్లు, పిల్లా. ఉప్పునీళ్ళే సుమా. వాడు మరిచిపోతాడు. వాడి సంగతి నీకు తెలీందేముంది?”

“నేను పోస్తాగా. మీరు పడుకోండి.”

పోసింది. ఆయన పోయాక కూడా పోసింది. ఆ మరుసటి ఏడు డెస్‌తో తెగిపోయింది. అతను ఊరి చివర పెరడు లేని చిన్న ఇంటికి మారి, పెట్టుకోవడానికి చోటు లేదని పడవని ఇక్కడే వదిలి వెళ్ళాడు. అప్పుడూ పోసింది. “వదిలేసినవాడి పడవకి నీళ్ళు మోస్తున్నావేమే, సిగ్గులేదా?” అని ట్రూడీ తిట్టినా పోసింది.

మానేసింది డిసెంబరులో. కారణం చెబితే మీరు నవ్వుతారు. చేపల కొట్టు ముందు డెస్ కనిపించాడు. పక్కనున్న ఆమె ఎవరో ఏదో అంది, అతను తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. అంతే. చెయ్యి పట్టుకోలేదు, భుజం తట్టలేదు. కానీ కలిసున్న చివరి ఐదారేళ్ళలో ఆ నవ్వు రోవీనా ఇంట్లో ఒక్కసారి కూడా వినపడలేదు. ఇంటికొచ్చి బక్కెట్టు బోర్లించింది. రేపు పోద్దాంలే అనుకుంది. కొన్నాళ్ళకి అలా అనుకోవడం కూడా మానేసింది.

జనవరి అంటే అక్కడ నడివేసవి, ఎండలు ఒళ్ళు కాల్చేశాయి. రేకుల కింద చెయ్యి పెడితే చురుక్కుమనేది. సంచులు అప్పడాల్లా ఎండిపోయాయి. గిన్నెలు కడుగుతూ రోజూ ఆ కిటికీలోంచి చూసేది, చూసి కుళాయి కట్టేసి లోపలికి పోయేది. ఏడెనిమిది వారాలు అదే వరస. పోనీ అంతటితో ఆగినా బాగుండేది.

ఫిబ్రవరిలో పడవల పోటీలకి ముందురోజు డెస్ ఫోన్ చేశాడు. రేపు పొద్దున వచ్చి మేవిస్‌ని తీసుకెళ్తాను, మధ్యాహ్నం పోటీకి దింపుతాను అన్నాడు. “నీళ్ళు పోస్తున్నావుగా?” అని అడిగాడు.

“ఆఁ,” అంది.

శనివారం తెల్లారగానే లేచి, ఒడ్డు నుంచి రెండు బక్కెట్లు మోసుకొచ్చి సంచుల మీద గుమ్మరించింది. పడవని ముంచాలని కాదు. మాట తప్పిందని అనిపించుకోవడం ఇష్టం లేక. ఛీ, ఎంత చిన్న బుద్ధి! తొమ్మిదింటికి టీ తాగడానికొచ్చిన ట్రూడీ చూసింది ఆ సంచుల్నే. డెస్ కూడా చెయ్యి పెట్టి తడి చూసుకున్నాడు. “థాంక్స్, రో,” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఆమె చెవిలో పోరుతూనే ఉంది.

సంచులు పొడిగా కనపడి ఉంటే, రెండు మూడు రోజులు ఒడ్డు పక్క నీళ్ళలో నాననిచ్చి అప్పుడు దింపేవాడు. తడిగా ఉన్నాయి కనక నేరుగా దింపేశాడు. ఊరంతా చూస్తుండగా మేవిస్ జల్లెడలా నీళ్ళు తాగింది. ఆ నీళ్ళ బరువుతోనే నలుగురూ కంగారుగా పైకి లాగారు. అడుగు చెక్కలు రెండు నిలువునా చీలిపోయాయి.

“ట్రూడీ, బుధవారం నువ్వు సంతకం పెట్టకు,” అంది రోవీనా.

“ఏం?”

చెప్పింది. ఫోనులో అన్న ‘ఆఁ’ దగ్గర్నుంచి పొద్దున్నే మోసిన రెండు బక్కెట్ల దాకా, ఏదీ దాచకుండా చెప్పింది. ట్రూడీ ఉత్తరాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

“నువ్వు నాకేం చెప్పలేదు.”

“ఇప్పుడే చెప్పాను.”

“నాకు వినపడలేదు. నేను చూసినవి తడి సంచులు. తడి సంచులనే రాస్తాను. అందులో అబద్ధం ఏముంది? వాడు రాయించిన ఉలి అబద్ధం కాదూ?”

“అబద్ధమే.”

“మరి! ఆ ఉలిని కొట్టేస్తే కేసు మనదే. నోరు మూసుకుని కూర్చో. లేకపోతే ఇల్లమ్ముకుని నా సోఫా మీద పడుకుంటావు, నా వంట తింటావు, అదొక్కటి గుర్తుపెట్టుకో.”

“నిన్ను బోనులో నిలబెట్టి, వెనక బెంచీ మీద నేను ఉలకకుండా పలకకుండా కూర్చోవాలా? నా వల్ల కాదు, ట్రూడీ. ఇప్పటికే నిద్ర లేదు.”

కారు తాళం తీసుకుని బయటికి నడిచింది. “ఎక్కడికే? కనీసం లాయరమ్మకైనా చెప్పి చావవే, పిచ్చిదానా!” అని అరుస్తూ ట్రూడీ గేటు దాకా వెంటపడింది.

డెస్ పడవల రేవు దగ్గరే ఉన్నాడు. మేవిస్ మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని ఉంది. నానితే ఎడాలు మూసుకుంటాయి గానీ చీలికలు మూసుకోవు, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఒడ్డున చేపల పెట్టె బోర్లించుకుని దానికి కాపలా కాస్తున్నాడు. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి, తలెత్తకుండానే అన్నాడు.

“మనం మాట్లాడుకోకూడదట. లాయర్లు చెప్పారు.”

“నాకూ చెప్పారు. డెస్, ఆ సంచులు ఆ పొద్దున తడిపాను. డిసెంబరు నుంచి చుక్క నీళ్ళు పొయ్యలేదు.”

అతను తలెత్తాడు.

“ఫోన్లో అడిగానుగా?”

“అడిగావు. అబద్ధమాడాను.”

తిడతాడనుకుంది. తిట్టాలనే వచ్చింది నిజానికి. నాలుగు తిట్లు పడితే ఈ బరువు కొంచెమైనా దిగుతుందని దారి పొడవునా ఆశపడింది. అతను తిట్టలేదు.

“మా లాయరు మొదట ఇదే అన్నాడు,” అన్నాడు. “‘నీళ్ళు పొయ్యడం మానేసి ఉంటుంది, అదే రాద్దాం’ అన్నాడు. నేనే రాయనివ్వలేదు. పోట్లాడాను ఆయనతో. ‘కోపమొస్తే ఉలి పట్టుకుని పొడిచినా పొడుస్తుందేమో గానీ, మా నాన్నకిచ్చిన మాట మాత్రం తప్పదండీ, ఆ మనిషి అలాంటిది కాదు’ అని చెప్పి, నేనే ఉలి అని రాయించాను.”

రోవీనా నీళ్ళ కేసి తిరిగింది. మొగుడిగా ఉన్నన్నాళ్ళూ ఒక్క మంచి మాట అనని మనిషి, విరోధిగా మారి, తన తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అది కూడా తను ఎవరికీ కనపడకుండా పారేసుకున్న మాట కోసం.

“రేపు వెళ్ళి ఉలి మాట తీయించి కాగితం మార్పిస్తాను,” అన్నాడు డెస్.

“మార్పించు. నీళ్ళు పొయ్యలేదని నేనే సంతకం పెడతాను.”

పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోతున్నాయి. మేవిస్ పక్కలు ఒక్కో చెక్కా నీళ్ళ పైకి తేలుతున్నాయి, ఎండ వాటి మీద పడుతోంది. సంచులు రాళ్ళ మీద ఆరిపోయి ఉన్నాయి. ఏమీ ఆలోచించకుండానే రోవీనా వంగి అక్కడున్న బక్కెట్టు అందుకుంది.

డెస్ లేచి వచ్చి, నెమ్మదిగా ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

“ఉండనీ, రో. ఇక నుంచి నేను పోసుకుంటాను.”

మరిచిపోయే మనిషి, రేపు తప్పకుండా మరిచిపోతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా బక్కెట్టు ఆమె చేతికి మళ్ళీ ఇవ్వలేదు.