ఖలీల్‌వాడిలో ఒక రాత్రి శాంపిల్

మా ఆయన దేవిదాస్ నిజామాబాద్ గంజ్‌లో పసుపు కమిషన్ వ్యాపారం చేస్తాడు. బస్తా మూతి విప్పగానే కనిపించే కొమ్ముల మీద ఆయనకు నమ్మకం లేదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దింపి, అడుగు నుంచి ఒక కొమ్మును లాగి, చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరుస్తాడు. ఆ చప్పుడును బట్టి సరుకు నిజంగా ఎండిందో, పైపైన ఆరిందో చెప్తాడు. ఇంట్లో కూడా ఇదే పద్ధతి. మా అమ్మాయి రుషితను ఇంటర్‌లో చేర్చే ముందు ఆ కాలేజీ హాస్టల్ మెస్‌లో ఒక పూట తిని వచ్చాడు. పిల్ల హాస్టల్‌లో ఉండదు, రోజూ ఇంటి నుంచే వెళ్లి వస్తుందని చెప్పినా వినలేదు.

ఇట్లాంటి మనిషితో ప్రతి వేసవిలో ఊళ్లు తిరుగుతాం. ఏ ఊరికి వెళ్లినా గది ముందుగా తీసుకోడు. లాడ్జి ముందు కారు ఆపి, మమ్మల్ని సామానుతో పాటు అందులోనే ఉంచి, తానొక్కడే పైకి వెళ్తాడు. పరుపు నొక్కుతాడు, నల్లా తిప్పుతాడు, కిటికీ తెరిచి అవతల ఏముందో చూస్తాడు. కిందికి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ ఇంకో లాడ్జి. షిరిడీలో మేము దర్శనానికి నిలబడ్డ సేపు కంటే కారులో కూర్చున్న సేపే ఎక్కువ.

చివరికి ఆయనకు నచ్చే గది ఏదంటే, లోపల వండుకున్నా ఎవరూ ఏమీ అనని గది. మా అత్త సాయవ్వ ఊరు దాటితే బయటి వంట ముట్టదు. అందుకని మాతో పాటు కరెంటు కుక్కర్, బియ్యం, పప్పు, కారం, చింతపండు, కత్తిపీట అన్నీ ప్రయాణం చేస్తాయి. నాసిక్‌లో నేను కుక్కర్ పెట్టగానే ఆ అంతస్తు మొత్తం కరెంటు పోయింది. ఈ ఊరి కరెంటుకు బలం లేదని మా అత్త తేల్చేసింది. త్ర్యంబకంలో గోదావరి పుట్టిన చోటును వాళ్లంతా చూసి వచ్చారు. నేను ఆ చీకటి గదిలో పప్పు ఉడికిందో లేదో వేలితో నొక్కి చూస్తూ ఉండిపోయాను.

నా కోరిక పెద్దదేమీ కాదు. ప్రయాణంలో ఒక పొద్దున లేచి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, ఎవరో వండిన నాష్టా ముందు కూర్చోవాలి.

ఈ ఏడు ఎల్లోరా అనుకున్నప్పుడు దారి చూపించింది పక్కింటి బిల్కిస్. వాళ్లది పాత గాజుల కొట్టు. సరుకు కోసం, చుట్టాల కోసం ఊళ్లు తిరుగుతూనే ఉంటారు. ఎక్కడికి వెళ్లినా ‘ఝరోకా ఇన్’ అనే హోటల్‌లోనే దిగుతారట. చాలా ఊళ్లలో ఉన్నాయట. మన జేబుకు మరీ బరువు కావు, అట్లాగని లాడ్జిలూ కావు.

"ఏ ఊర్ల దిగినా వేడినీళ్ల నల్లా ఎడమ పక్కనే ఉంటది భాభీ. నిద్రమత్తుల లేచినా చెయ్యి దానంతట అదే పోతది," అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆమె లేచి వెళ్తూ మామూలుగా అన్న మాట ఇంకా నచ్చింది: పొద్దుటి నాష్టా గదితో పాటే ఇస్తారట.

రుషిత ఫోన్‌లో ఝరోకాను, అలాంటివే ఇంకో రెండింటిని పక్కపక్కన పెట్టి జనం ఏం రాశారో చదివి వినిపించింది. ఒక హోటల్‌లో దిండ్లు మెత్తగా లేవని తిట్టారు, ఇంకోదాంట్లో మెత్తగా ఉన్నాయని తిట్టారు. ఒకాయన తాను వెళ్లిన రోజు వాన కురిసిందని ఐదింట్లో ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు. మా ఆయన అంతా విని, ముఖం తెలియని వాళ్ల మాట మీద కుప్ప కొనే అలవాటు తనకు లేదన్నాడు. శాంపిల్ చూడాలన్నాడు.

ఝరోకా వాళ్లు మా ఊళ్లోనే కొత్తగా ఒకటి తెరిచారు, ఖలీల్‌వాడిలో. అది ఆసుపత్రుల వాడ. ఆ సందుల్లో మనుషుల కంటే మందుల షాపులు ఎక్కువ. మా ఇంటి నుంచి ఆటో ఎక్కి కూర్చున్నట్టే ఉండదు, దిగాల్సి వస్తుంది. అన్ని ఊళ్లల్లో ఒకటే తీరు అంటున్నారు కాబట్టి, ఇక్కడ ఒక రాత్రి పడుకుంటే అన్నీ చూసినట్టేనని మా ఆయన లెక్క. బాగుంటే ఇక ఎప్పటికీ ఝరోకాయే, కుక్కర్ ఇల్లు కదలదు. బాగా లేకపోతే ఎప్పటిలాగే లాడ్జి, కుక్కర్, నేను. అదీ ఒప్పందం. ఉన్న ఊళ్లో హోటల్‌లో పడుకున్నామంటే నలుగురూ నవ్వుతారు కాబట్టి ఎవరికీ చెప్పొద్దనుకున్నాం.

శనివారం సాయంత్రం వెళ్లాం. ఇదే ఊరి ఆధార్ కార్డు మీద గది ఇవ్వడం కుదరదని కౌంటర్‌లో ఉన్నాయన అన్నాడు. ఊళ్లో ఇల్లు పెట్టుకుని గది అడిగేవాళ్లు ఎందుకు అడుగుతారో ఆయనకు అనుభవం ఉన్నట్టుంది. నన్నూ మా ఆయననూ మార్చి మార్చి చూశాడు. మా ఆయన శాంపిల్ సంగతి వివరంగా చెప్పాడు. దాంతో అనుమానం ఇంకొంచెం పెరిగింది. అప్పుడు మా అత్త చిన్న సంచిలోంచి తన ఆధార్ తీసింది. అది ఇంకా మోస్రా దగ్గరున్న మా సొంతూరి చిరునామా మీదే ఉంది. మారిస్తే పింఛను ఆగిపోతుందని ఆమె మార్చనివ్వలేదు.

"నేను ఊరి నుంచి వచ్చిన. వీళ్లు నా తోటి వచ్చిండ్రు," అంది.

అట్లా గది సాయవ్వ పేరు మీద అయింది. ఆ క్షణం నుంచి ఆమె నడక మారింది. తలుపు దగ్గర మమ్మల్ని ఆపి, తన గదిలోకి చెప్పులతో రావద్దని చెప్పింది.

నిజానికి అది మొదట చూపించిన గది కాదు. చూపించిన గది మా ఆయన తీసుకోడు. ఎవరికీ చూపించని గది కావాలన్నాడు. అట్లాంటిది లేదని హోటల్ వాళ్లు ఎంత చెప్పినా వినకపోతే, విసిగి లిఫ్ట్ పక్క గది ఇచ్చారు. లిఫ్ట్ కదిలినప్పుడల్లా మంచం చిన్నగా మూలిగింది. అడుగు సరుకు చేతికి వచ్చిందని మా ఆయన సంతోషించాడు. పరుపు ఎత్తి కింద చూశాడు. దుప్పటి వెనక్కి తిప్పి చూశాడు. వేడినీళ్ల నల్లా ఎడమ పక్కనే ఉంది. నేను నా వంతుగా తలుపు పైభాగం మీద, టీవీ వెనక, కిటికీ మూలల్లో వేలు పెట్టి చూశాను. ఒక్క కిటికీ మూలలోనే దుమ్ము. అంత మాత్రం మా ఇంట్లోనూ ఉంటుందని వదిలేశాను. మా అత్త ఏసీకి ఎదురుగా దుప్పటి కప్పుకుని కూర్చుని వణుకుతోంది. ఆపుతానంటే వద్దంది.

మేము దాచిన సంగతి అప్పటికే ఊరు దాటిందని మాకు తెలియదు. గంజ్‌లో మా పక్క కొట్టు లింబయ్య ఏవో మాత్రల కోసం వచ్చి మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నాడట. మా ఆయన తల్లిని రెక్క పట్టుకుని కారులోంచి దింపడం, వెనక నేను ఫ్లాస్కూ, దిండూ, దుప్పటీ మోసుకుపోవడం చూశాడు. ఖలీల్‌వాడిలో ఒక ముసలమ్మను అట్లా దింపితే ఎవరైనా ఏమనుకుంటారు. ఆ సమయంలో అడ్డం పోయి పలకరించడం మర్యాద కాదని ఆయన పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుని, మోస్రాలో ఉన్న మా ఆడబిడ్డ హన్మవ్వకు ఫోన్ చేశాడు.

హన్మవ్వ మా ఆయనకు చేసింది. ఎక్కడున్నారని అడిగితే, హోటల్‌లో అని చెప్పడానికి ఈయనకు సిగ్గేసింది. ఇంట్లోనే ఉన్నామని, అంతా బాగుందని, అమ్మ పడుకుందని చెప్పాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. తమ్ముడు ఇట్లా దాస్తున్నాడంటే తల్లికి ఎంత సీరియస్‌గా ఉండాలి. ఫోన్ పెట్టేసి ఆమె పప్పు నానబోసింది. మా వైపు మనిషి దవాఖానలో పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అయినవాళ్లు గిన్నెలతో రావాలి. రోగి ఎట్లాగూ తినడు కాబట్టి, తోడున్న అందరికీ రెండు పూటలు సరిపోయేంత తేవాలి.

పొద్దున నేను అందరికంటే ముందు లేచాను. నాష్టా ఏడున్నర నుంచి పది దాకా అని బల్ల మీద కార్డులో ఉంది. స్నానం చేసి, పండుగలకు కట్టే కంచి కాటన్ చీర కట్టుకుని జడ అల్లుకుంటుంటే తలుపు చప్పుడైంది. తెరిస్తే హన్మవ్వ, ఆమె వెనక లింబయ్య. ఆమె చేతిలో పెద్ద టిఫిన్ క్యారియర్, ఆయన చేతిలో బ్రెడ్డూ మోసంబీలూ. చుట్టుపక్కల దవాఖానలన్నీ అడిగి, ఎక్కడా సాయవ్వ పేరు దొరక్క, మా కారు చూసి ఇక్కడ అడిగారట. ఇక్కడ వెంటనే దొరికింది.

హన్మవ్వ నన్ను దాటుకుని వెళ్లి మంచం మీద తల్లిని పట్టుకుని ఏడ్చింది. నిద్రలోంచి లేచిన మా అత్త, మోస్రాలో ఎవరికో ఏదో అయిందనుకుని తానూ ఏడ్చింది. ఏమైందని ఒకరినొకరు అడగకుండా ఇద్దరూ కాసేపు ఏడ్చారు. రుషిత దుప్పటి ముసుగు తీయలేదు గానీ దుప్పటి ఊగుతోంది.

చివరికి హన్మవ్వే అడిగింది. "ఏమైందే అవ్వా?"

"నాకేమైతది బిడ్డా, మంచిగున్న."

"సూడు లింబన్నా, మంచిగున్ననే అంటది, పాపం," అని ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

మా ఆయన బాత్రూమ్‌లోంచి వచ్చి శాంపిల్ గురించి చెప్పేసరికి లింబయ్య ఒక మోసంబీ ఒలిచేశాడు. మా అత్త అది తిన్నది. రెండోది తిన్నాక దిండుకు ఆనుకుని, గొంతు కొంచెం తగ్గించి, ఊరి నుంచి ఇంకా ఎవరెవరు వస్తున్నారని అడిగింది.

అసలు సంగతి అర్థమయ్యాక హన్మవ్వ కళ్లు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది. "ఊర్ల ఇల్లు పెట్టుకొని కిరాయి మంచం మీద పండుకున్నవారా? పరుపు శాంపిలే గావాల్నంటే మా ఇంట్ల లేదా పరుపు?"

అక్క కోపం తగ్గించడానికి ఆయనకు తెలిసిన దారి ఒకటే, ఆమె తెచ్చింది తినడం. క్యారియర్ మూత తీసి వాసన చూశాడు. జొన్నరొట్టెలు, పప్పు, వంకాయ కూర, పెరుగు. అక్క తెల్లారక ముందే లేచి చేసి తెచ్చింది, ఇక కిందికి పోయేదేముంది, అందరం ఇక్కడే తిందామన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. హోటల్ నాష్టా చూడకపోయినా పర్వాలేదని, ఎక్కడైనా ఇంటి వంటకు సాటి రాదని ఇప్పుడే తెలిసిందని, ఎల్లోరాకు ఎందుకైనా మంచిది, కుక్కర్ పెట్టుకుందామని కూడా అన్నాడు. మా అత్త తల ఊపింది.

"పుష్పా, పెట్టు," అన్నాడు.

నేను అలవాటుగా గరిటె అందుకున్నాను. ప్లేట్లు లేవు, టీ కప్పుల సాసర్లు వరుసగా పేర్చాను. తెల్లటి దుప్పటి మీద పేపరు పరిచాను. మొదటి సాసర్‌లో పప్పు వేశాక గోడ గడియారం చూశాను. తొమ్మిది దాటింది. గరిటె మా ఆయన చేతిలో పెట్టాను.

"మీరు పరుపు చూసిండ్రు, నల్లా చూసిండ్రు. నేను చూడవలసింది కింద ఉన్నది," అన్నాను.

ఎవరైనా ఏదైనా అనే లోపల తలుపు దగ్గరికి వేసుకుని లిఫ్ట్ ఎక్కాను.

కింద గోడ పక్కన ఇద్దరు కూర్చునే చిన్న బల్ల దొరికింది. కూర్చున్నాను. ఇడ్లీ చల్లారి ఉంది. చట్నీలో నీళ్లు ఎక్కువ. తెల్ల టోపీ పెట్టుకున్నాయన వచ్చి కాఫీయా టీయా అని అడిగాడు. నేను కాఫీ అన్నాను. అది నేనున్న చోటికే వచ్చింది. తాగి కప్పు తీసుకుని కడగడానికి లేవబోతే, అక్కడే వదిలేయమన్నాడు.

అప్పుడే హన్మవ్వ వచ్చింది. నేను పైన వదిలిపెట్టి వచ్చిన వాళ్లందరి కోపాన్ని తానే మోసుకొచ్చినట్టుంది ముఖం. నా మీదికి నోరు తెరిచే లోపల టోపీ ఆయన అడ్డం వచ్చి, ఏ గదమ్మా అని అడిగాడు.

"నేను పేషెంటు బిడ్డను," అంది ఆమె, పొద్దుటి నుంచి అదే చెప్పుకుంటూ తిరిగిన అలవాటులో.

ఆ వాడలో హోటల్ నడిపే వాళ్లకు అది కొత్త మాట కాదు. ఆయన గొంతు తగ్గించి, కూర్చోండమ్మా అని కుర్చీ వెనక్కి లాగాడు. ముందు ఏమైనా తినండి, తర్వాత అన్నీ అవే సర్దుకుంటాయన్నాడు. హన్మవ్వ కూర్చుంది. ఉప్మా, వడ, బొప్పాయి ముక్కలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె నన్ను చూసింది, వడను చూసింది, ఉప్మా ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఉప్పేది దీంట్ల?"

ఆ గొంతు నాకు తెలుసు. పెళ్లయినప్పటి నుంచి ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా విన్నాను. నా చెయ్యి బల్ల మీదికి లేచి, ఉప్పు డబ్బా కోసం తడుముకుంది. అంతలో టోపీ ఆయన పరుగున వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె ఆయనకు మొదటి నుంచి చెప్పింది. రవ్వ ఎట్లా వేయించాలి, ఎసరులో ఉప్పు ఎప్పుడు వేయాలి, ఇంతమంది తినే చోట రుచి చూసే మనిషి ఒకరు ఉండాలా వద్దా. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు. నేను ఇంకో కాఫీ అడిగాను.

మా ఆయన దిగి వచ్చాడు. వేళ్లకు పప్పు అంటుకుని ఉంది; వడ్డన ఇంకా పూర్తయినట్టు లేదు. నా బల్ల పక్కన నిలబడి, ఎట్లుంది అని అడిగాడు.

"ఇదే ఖాయం చేయండి," అన్నాను.

"ఉప్పు తక్కువుందంటున్నది గదా అక్క?"

"తక్కువే ఉన్నది," అన్నాను. "వదినె ఆ టోపీ ఆయనకు చెప్తున్నది."