పన్నెండో కుర్చీ

మా మామయ్య జింపేయికి కోపం వస్తే కేకలేస్తాడు. దాంతో భయం లేదు. చెప్పు విసురుతాడు, పడవ తాడును తన్నుతాడు, పొద్దుగుంకేసరికి చల్లబడి అన్నం పెట్టమంటాడు. ఆయన మెత్తగా మాట్లాడటం మొదలుపెడితేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి నా జుట్టు నెరిసింది, ఆ మెత్తదనం ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

మా మినోసె దీవిలో ఆయనే గుడిపెద్ద. ఫాదర్ పెద్ద దీవి నుంచి ఎప్పుడో ఒక ఆదివారం పడవలో వస్తారు. మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పించేదీ, ఎవరెక్కడ కూర్చోవాలో నిర్ణయించేదీ మామయ్యే. పవిత్ర గురువారం పూజలో, క్రీస్తు తన శిష్యులకు కడిగినట్టు, ఫాదర్ ఎవరి పాదాలు కడగాలో ఆ పన్నెండు మందినీ ఆయనే పిలుస్తాడు. అందరూ మగవాళ్ళే, అందరూ నిలిచిన ఇళ్ళవాళ్ళే.

మా ముత్తాతల కాలంలో క్రీస్తును వదలమని కోట అధికారులు ఊరినంతా ఒక కొట్టులో కుక్కారు. చచ్చినా వదలమన్నవాళ్ళవి నిలిచిన ఇళ్ళు. పిల్లల ఆకలి చూడలేక, వదిలేశామని చెప్పి బయటపడ్డవాళ్ళవి పడిన ఇళ్ళు. వాళ్ళూ తర్వాత ఏడ్చుకుంటూ తిరిగొచ్చారు, తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశారు, చర్చి క్షమించింది. మా దీవి మాత్రం క్షమించలేదు. పడిన ఇంటి మనిషి పోతే సమాధుల తోట గోడ బయట, సముద్రం వైపు ఇసుకలో పాతిపెడతారు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రాసి లేదు కాబట్టే కొట్టేయడం కూడా ఎవరి వల్లా కాలేదు.

ఇప్పుడు మిగిలిన పడిన ఇల్లు ఒక్కటే, టొకుజి బాబాయిదీ ఫుకి పిన్నిదీ. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నవో నాలుగేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. పసిదానికి పడటమేమిటని అప్పటి ఫాదర్ పట్టుబట్టి దాన్ని గోడ లోపల పెట్టించారు. ఆ తర్వాత టొకుజి బాబాయి చర్చి కప్పు కారినా, తోట గోడ కూలినా ఎవరూ అడక్కుండానే వచ్చి బాగుచేసేవాడు. ఈ చలికాలం మంచం పట్టాక, నన్ను నవో పక్కన పెట్టండి అని ఒక్కటే అడిగాడు. మామయ్య చాలా రోజులు ఆలోచించి సరేనన్నాడు. ఆ రోజు ఆయన్ని చూసి నాకు గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు?

అదే చలికాలంలో నిలిచిన ఇంటి దెన్‌కిచి పోయాడు. పాదాలు కడిగించుకోవడానికి పదకొండు మందే మిగిలారు. పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంచుదామన్నాడు మామయ్య.

కొత్తగా వచ్చిన కునిషిగె ఫాదర్ ఒప్పుకోలేదు. ఆయన కుర్రవాడు, మంచివాడు. తన సంచి తనే మోసుకుంటాడు, చర్చి వాకిలి తనే ఊడుస్తాడు, మేం భోజనానికి పిలిస్తే చివర చాప మీద కూర్చుంటాడు. ఆయన వినయం నాకు నచ్చేది, కాకపోతే అది కాస్త చప్పుడు చేసేది. పడిన ఇంటి సంగతి ఎవరో చెబితే ఆయన నిద్రపోలేదట. ఆడవాళ్ళ పాదాలు కూడా కడగొచ్చని రోము నుంచే ఉత్తర్వు వచ్చిందనీ, పన్నెండో కుర్చీలో ఫుకిగారు కూర్చుంటారనీ పూజలో అందరి ముందూ చెప్పేశాడు. ఫుకి పిన్ని తల పైకెత్తలేదు. మామయ్య లేచి, చిత్తం ఫాదర్ అన్నాడు, మెత్తగా.

మర్నాడు నాచేత చిలగడదుంప మోచి ఉండలు చేయించి, నీలం అంచు పళ్ళెంలో పెట్టించి, నన్ను వెంటబెట్టుకుని ఫుకి పిన్ని ఇంటికెళ్ళాడు. మా దీవిలో ఇంటి నుంచి ఇంటికి వెళ్ళిన పళ్ళెం ఖాళీగా తిరిగిరాదు. ఏమీ లేకపోతే రెండు ఉల్లికాడలైనా వేసి ఇస్తారు. మామయ్య మంచం పక్కన కూర్చుని బాబాయి దగ్గు గురించి అడిగాడు, దుప్పటి సర్దాడు.

"టొకుజికిచ్చిన మాట మీదే ఉన్నాను ఫుకీ. గురువారం నీకు జలుబు చేస్తే బాగుంటుంది."

"చేస్తుందిలెండి పెద్దాయనా."

"మేం ఇస్తే పుచ్చుకోవాలమ్మా. లాక్కుంటే ఇవ్వడానికి మా దగ్గరేం మిగులుతుంది?"

నేను ఊరుకోలేక ఫాదర్ దగ్గరికెళ్ళి సమాధి సంగతంతా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. సమాధుల తోట చర్చిది, మీ మామయ్యది కాదు అన్నాడు. "సిలువ పట్టుకుని నేనే ముందు నడుస్తాను సెత్సునోగారూ. ఎవరాపుతారో చూద్దాం."

"మీరు ముందు నడుస్తారు సరే ఫాదర్, మోసేదెవరు?" అన్నాను. మా దీవిలో దహనశాల లేదు, శవపెట్టెను భుజాల మీదే కొండెక్కించాలి. ఆయన చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం ఆయన టొకుజి బాబాయికి, క్రీస్తు శరీరమని మేం నమ్మే సత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళాడు. ఫుకి పిన్ని జలుబన్నది. పేతురు కూడా మొదట వద్దన్నాడు, కడిగించుకోవడానికీ వినయం కావాలి అన్నాడట ఫాదర్, సత్ప్రసాదం చేతిలో ఉండగానే. ఒకసారి దేవుణ్ణి కాదన్నందుకే ఆ ఇల్లు ఇన్ని తరాలుగా అనుభవిస్తోంది. మళ్ళీ కాదనడం ఆవిడ వల్ల ఎలా అవుతుంది?

సాయంత్రం పూజకు వచ్చింది. పన్నెండో కుర్చీలో అంచు మీద కూర్చుంది. ఫాదర్ మోకరిల్లి, పగిలిన ఆ మడమల మీద నీళ్ళు పోసి, తుడిచి, ముద్దుపెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగవాళ్ళు లేచి వెళ్ళిపోతారేమోనని నేను బెంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ కదల్లేదు. మామయ్య వంగి ఫుకి పిన్ని చెప్పులు ఆమె కాళ్ళ దగ్గరికి జరిపాడు. "నేల చల్లగా ఉంది, వేసుకోమ్మా."

ఫాదర్ నావైపు చూసి, చూశారా అన్నట్టు తలాడించాడు. నేను మాత్రం మామయ్య మెత్తని గొంతే వింటున్నాను.

ఈస్టరు వెళ్ళిన వారమే టొకుజి బాబాయి పోయాడు. గొయ్యి తవ్వడానికి వెళ్ళిన మా ఆయన మొరియొ తిరిగొచ్చి పెరట్లో పార కడుగుతున్నాడు. కొండ మీది ఎర్రమట్టి పారకు జిగురులా పట్టుకుంటుంది, గోకితే గానీ వదలదు. ఆ పార నుంచి ఇసుక రాలింది. ఇదేమిటని అడిగితే, నాన్ననడుగు అని ముఖం తిప్పుకున్నాడు.

నేను ఫుకి పిన్ని దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ భర్త వేళ్ళకు జపమాల చుడుతోంది. నా మాట విన్నా చేతులు ఆపలేదు.

"గొడవ చెయ్యకు సెత్సునో. మధ్యదారిలో దింపేసి పోతే నేనొక్కదాన్నీ ఆయన్ని లేవనెత్తలేను."

రేవులో దిగిన ఫాదర్‌కూ చెప్పాను. నేను ముందుంటాను కదా అన్నాడు.

ఉన్నాడు కూడా. ఇస్త్రీ చేసిన నల్లకోట్లలో మగవాళ్ళంతా వచ్చారు. పెట్టెను ఎంత జాగ్రత్తగా ఎత్తారంటే, చూసినవాళ్ళు సొంత అన్నదమ్ములనుకుంటారు. ఫాదర్ సిలువెత్తి, గొంతెత్తి పాడుతూ ముందు నడిచాడు. దారి చీలేచోట కుడివైపు తోటకు ఎక్కుతుంది, ఎడమవైపు సముద్రానికి దిగుతుంది. సిలువ కుడికి తిరిగింది. పెట్టె ఎడమకు తిరిగింది. ఎవరూ ఆగలేదు, పాట కూడా తెగలేదు. పైన ఫాదర్ ఒక్కడే పాడుకుంటూ పోతున్నాడు. వెనకాల ఆడవాళ్ళు అదే పాట అందుకుని పెట్టె వెంట దిగుతున్నారు.

ఫుకి పిన్ని చీలిక దగ్గర నిలబడిపోయింది. అక్కణ్ణించి తోట గోడ మీదుగా నవో సిలువ కొస కనబడుతుంది.

"రామ్మా, దారి జారుతుంది," అని మామయ్య చెయ్యందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. పెట్టె వెంట దిగింది.

ఫాదర్ సిలువ భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చేసరికి పెట్టెను గోతిలోకి దించుతూ తాళ్ళు వదులుతున్నారు. ఇది పాపమన్నాడు, బిషప్పుగారికి చెబుతానన్నాడు. మామయ్య టోపీ తీసి విన్నాడు.

"కాళ్ళెవరివి కడగాలో మీ రూలు మీకుంది ఫాదర్. మేం అడ్డు రాలేదు. మోసేవాళ్ళం మేం."

ఫాదర్ ఫుకి పిన్ని వైపు చూశాడు, తన తరఫున ఒక్క మాటైనా అంటుందని.

"ప్రార్థన ముగించండి ఫాదర్," అందావిడ. "మీ పడవ టైమవుతోంది."

ఆయన ముగించాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. పోగొట్టుకున్నది ఆయనా కాదు, మా మామయ్యా కాదు. వాళ్ళిద్దరి మధ్యా చివరిదాకా ఎవరినీ కాదనని మనిషి.

ఆ సాయంత్రం మేం భోజనానికి కూర్చోబోతుంటే ఫుకి పిన్ని వచ్చింది. గడప దాటలేదు. వంగి, నీలం అంచు పళ్ళెం గడప దగ్గర, మామయ్యకు ఎదురుగా నేల మీద పెట్టింది. అందులో ఏమీ లేదు. ఒక ఉల్లికాడ కూడా లేదు.

మామయ్య పళ్ళెం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆయన గొంతు అంత చిన్నబోవడం నేనెప్పుడూ వినలేదు.

"ఇదేమిటి ఫుకీ?"

"శుభ్రంగా కడిగే తెచ్చాను పెద్దాయనా," అని వెళ్ళిపోయింది.

పళ్ళెం ఇంకా ఆ గడప దగ్గరే ఉంది. మామయ్య దాన్ని చుట్టి నడుస్తాడు. ఈ మధ్య ఆయనకు దగ్గు పట్టుకుంది, టొకుజి బాబాయి దగ్గులాంటిదే. పళ్ళెం తీసి లోపల పెట్టమని ఆయన నాతో అనలేదు, నేనూ తియ్యలేదు.