ఎటు వెళ్తున్నారు, ఎప్పటికొస్తారు?

బూట్ల గదిలో నేల మీద చతికిలబడి లినెట్, తమ కుక్క బార్లీ కాళ్ళు తుడుస్తోంది. ఈ "తెల్ల పొట్టేలు" హోటల్లో కుక్కలకి జరిగే మర్యాద చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కూడా జరగదు. తలుపు పక్కనే వాటికోసం పాత తువ్వాళ్ళ బుట్ట. హాల్లో చలిమంట ముందు వాటికో దుప్పటి. పొద్దున ఫలహారంలో ఒక్కో కుక్కకి ఒక్కో సాసేజి, అదీ అడక్కుండానే. లినెట్ ముందుకాళ్ళు గబగబా తుడిచేసి, వెనక కుడికాలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపింది. తువ్వాలు ఇలా తగిలిందో లేదో బార్లీ కాలు వెనక్కి లాక్కున్నాడు. కుయ్యిమనలేదు. ఆ మనిషి వినేంత దగ్గర్లో ఉన్నప్పుడు కుయ్యిమనకూడదని వాడికీ తెలిసిపోయింది.

"ఇంకా ఎంతసేపోయ్? వాణ్ణేమన్నా పెళ్ళికి ముస్తాబు చేస్తున్నావా?" హాల్లోంచి కీత్ గొంతు.

"అయిపోయింది. సారీ!"

సారీ ఎందుకు చెప్పిందో లినెట్‌కి తెలీదు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పుకునే జాతిలో పుట్టింది, అందులోనూ నలభయ్యేళ్ళు కీత్‌తో కాపురం చేసింది. ఇప్పుడు ఆ మాట ఊపిరి పీల్చినంత తేలిగ్గా వచ్చేస్తుంది. ఆమె బార్లీ చెవి దగ్గర వంగి, "తిన్నగా నడవరా నాయనా, హాలు దాటేదాకా చాలు," అని గొణిగింది. హాల్లో కీత్ చూస్తూ ఉంటాడు. కుంటడం గానీ కంటపడిందా, రేపటిదాకా కూడా ఆగడు.

సంగతేమిటంటే, రెండు వారాల కిందట ఆమె టీ కప్పు ముందు పెడుతుంటే కీత్ పేపర్లోంచి తలెత్తకుండా చెప్పాడు. "బార్లీ పనైపోయిందోయ్. పోయేముందు ఒక మంచి సెలవు చూపిద్దాం వాడికి. డేల్స్ లోయల్లో కుక్కల్ని రానిచ్చే హోటలొకటి చూశాను. శనివారం గద్దకొండ ఎక్కి చుట్టి వచ్చాడా, సరే, ఇంకో ఏడాది చూద్దాం. రాలేకపోయాడా, సోమవారం నిద్రపుచ్చే సూదికి పశువుల డాక్టరుతో మాట్లాడేశాను. పట్టుకోవడానికి నువ్వుండాలి, నీ మాటైతే వింటాడు." అంతే, పేజీ తిప్పాడు. నడవలేని జంతువుని ఉంచుకోవడం దయ కాదట, బలహీనతట. ఆమె నోరు తెరవబోయింది. "ఏడుపు మొదలెట్టకు, టీ చల్లారిపోతుంది," అన్నాడు. నిజంగానే టీ చల్లారిపోతుందేమోనని చూసుకుంది, పిచ్చి మొహం.

రాత్రి భోజనం దగ్గర పక్క బల్ల మీది ఆవిడ, ఒళ్ళో తన బుల్లి కుక్కని పెట్టుకుని, "ఎంత మంచివారండీ మీ ఆయన! కుక్క కోసం వెతికి వెతికి ఇక్కడికి తీసుకొచ్చారటగా. మా ఆయనైతే నన్నే తీసుకురాడు," అని పకపకా నవ్వింది. కీత్ కూడా నవ్వాడు. నవ్వుతూనే పాత కథ ఎత్తుకున్నాడు, ఒకసారి పొగమంచులో లినెట్ ఎలా తప్పిపోయిందో. "నేను హాయిగా కిందికి దిగి బీరు తాగుతున్నా. ఈవిడ గారు గోడ పక్కన కూర్చుని ఎవరో వచ్చి తీసుకెళ్తారని చూస్తోంది! దారి నేర్చుకోవాలా వద్దా?" అందరూ నవ్వారు. లినెట్ కూడా నవ్వింది. ఆ కథలో లేనిది ఆమెకొక్కదానికే తెలుసు. ఆవేళ పొద్దున కారులో ఆమె అతని మాటకి ఎదురు చెప్పింది. మంచు దిగుతున్నప్పుడు అతను వెనక్కి తిరిగి ఆమెని చూశాడు, స్పష్టంగా చూశాడు, చూసి నడక వేగం పెంచాడు. అతను ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. చేసుకుని ఉంటే అక్క జానిస్‌కైనా చెప్పుకునేది. వేగంగా నడిచాడని ఎవరికి చెప్పుకుంటుంది?

మోకాలు నొప్పికి మొన్నామధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినప్పుడు కీత్ ఏమన్నాడు? "నీకూ మొదలైందా?" అన్నాడు. బార్లీ గురించి చెప్పిన గొంతే, పేపర్లోంచి తలెత్తకుండానే.

శనివారం తెల్లారింది. ఫలహారం బల్ల కింద సాసేజిలో నొప్పిమాత్ర కుక్కి బార్లీ నోట్లో పెట్టింది, కీత్ గుడ్డు తింటున్న సమయం చూసుకుని. శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కు, అతని వానకోటు, తన వానకోటు, బార్లీకి నీళ్ళు, అన్నీ ఆమె సంచిలోకే. జేబులో గలగలలాడితే నడక చెడుతుందని కారు తాళాలు కూడా కీత్ అందులోనే పడేశాడు. అతని చేతిలో పటం ఒక్కటే. రిటైరయ్యేదాకా బళ్ళో భూగోళం చెప్పిన మనిషి, పటం ఆమె చేతికి ఏనాడూ ఇవ్వలేదు.

గడప దగ్గర హోటల్ యజమానురాలు ఐలీన్ నిలబడి ఉంది. ఆ లోయలో హోటళ్ళు నడిపేవాళ్ళందరికీ ఒక అలవాటు. నడకకి బయల్దేరేవాళ్ళని ఎటు, ఎప్పటికి అని అడక్కుండా పంపరు. చెప్పిన వేళకి రాకపోతే కొండ మీదికి మనుషుల్ని పంపుతారు.

"ఎటు వెళ్తున్నారు, ఎప్పటికొస్తారు?"

"గద్దకొండ చుట్టి, టీ వేళకి," అన్నాడు కీత్. మూడు రోజులుగా ఆ ప్రశ్నకి జవాబు అతనిదే. లినెట్ సంచి పట్టీలు సర్దుకుంటూ నిలబడుతుంది.

ఐలీన్ బార్లీ వంక చూసింది. "ఆ వెనక కాలు..."

"తడికి బిగుసుకుంది, అంతే!" అంది లినెట్, మరీ గబుక్కున.

ఐలీన్ ఆమె మొహం వంక చూసింది, కుక్కని చూసినట్టే, నింపాదిగా. "నా వంటింట్లో పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది తల్లీ. వదిలేసి వెళ్ళకూడదూ?"

"కుదరదండీ. ఇవాళ వాడికి పరీక్ష," అన్నాడు కీత్, హుషారుగా.

అతని నడక తెలిసిందే. ముందు వెళ్ళిపోతాడు, గొర్రెల బీళ్ళ మధ్య కట్టిన గోడలు దాటే రాతిమెట్ల మీద కూర్చుంటాడు, నీళ్ళు తాగుతాడు, చుట్టూ చూస్తాడు. ఆమె రొప్పుతూ దగ్గరికి రాగానే, "హమ్మయ్య, వచ్చావా? పద," అని లేస్తాడు. అతని విశ్రాంతి అయిపోయి ఉంటుంది కదా మరి! ఆమెకి విశ్రాంతన్నదే ఉండదు. ఎన్ని కొండలు ఎక్కారో, ఏ కొండ మీదా కూర్చున్న గుర్తు లేదు. దూరమైతే ఈల వేస్తాడు, రెండుసార్లు. కుక్కకీ అదే ఈల, ఆమెకీ అదే.

మొదటి గోడ దగ్గర బార్లీని ఎత్తుకుని మెట్లు ఎక్కించింది. మోకాల్లో కత్తి దిగినట్టయింది. రెండో గోడ దగ్గరా ఎత్తుకుంది. అవతల కీత్ చేతులు కట్టుకుని చూస్తూ, "ఎత్తుకుంటే పరీక్షెలా అవుతుంది?" అన్నాడు. "సారీ," అంది. మూడో గోడ చేరేలోపే మంచు దిగింది. ముందు కీత్ టోపీ మాయమైంది, తర్వాత అతను, తర్వాత దారి. గొర్రెలు ఎక్కడో అరుస్తున్నాయి. బార్లీ ఆగి, మెల్లగా కూర్చుని, వెనక కాలు పక్కకి చాపేశాడు.

"లేరా," అంది లినెట్. "లేరా బంగారూ, నీకు దణ్ణం పెడతాను." సోమవారం కళ్ళ ముందుకొచ్చింది. బల్ల మీద బార్లీ, వాడి తల తన చేతుల్లో. వాడు తన మాట వింటాడు. వింటూనే పోతాడు.

పైనుంచి ఈల. రెండుసార్లు.

ఆమె ఒళ్ళు దానంతటదే లేవబోయింది. బార్లీకి చెవులు బాగానే వినపడతాయి, చెవి కదిపాడు కూడా. కానీ లేవలేదు. తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు, నువ్వేమంటే అది అన్నట్టు. లినెట్ అలా సగం లేచి ఉండిపోయింది. అయ్యో, ఇన్నేళ్ళూ తను అటే చూసిందే, ఈల వచ్చిన వైపు. వీడేమో తనని చూస్తున్నాడు. తనని అడిగే ప్రాణి ఒకటి పక్కనే ఉంది.

కూర్చుంది. తడి గడ్డి మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని. మళ్ళీ ఈల, ఈసారి విసుగ్గా. శాండ్‌విచ్ కాగితం విప్పింది. కీత్ కోసం కొవ్వు తీసి, ఆవాల ముద్ద రాసి చేసిన హామ్ శాండ్‌విచ్. అందులో హామ్ అంతా బార్లీకి పెట్టింది, రొట్టె తను తింది. తింటూ ఏడ్చింది. "లినెట్! ఏం వేషాలివి?" అని మంచులోంచి కేక వచ్చింది. ఆమె బార్లీ మూతిని చేత్తో మూసింది, వాడు మొరిగే కుక్క కాకపోయినా. అడుగులు ఇటే వస్తాయేమోనని ఊపిరి బిగబట్టి విన్నది. రాలేదు. వెనక్కి రావడం కీత్‌కి అలవాటు లేదు. పైకే వెళ్ళాయి అడుగులు, కోపంగా, క్రమంగా చిన్నవై.

పటం లేకపోతేనేం. వచ్చేటప్పుడు దారి వెంట గోడ ఎడమ పక్కన ఉంది, వెళ్ళేటప్పుడు కుడి పక్కన ఉంటుంది. గోడ దిగువన వాగు, వాగు పక్కన ఊరు. పక్కలు చూసుకుంటూ వెనకపడి నడిచిందేమో, ప్రతి బండా గుర్తే. బార్లీ ఆగిన చోటల్లా ఆగింది. తన మోకాలు ఆగమన్న చోటా ఆగింది. ఆగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసింది, మంచులో టోపీ కనిపిస్తుందేమోనని.

హోటల్ గడప దగ్గర ఐలీన్ తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చింది. "ఆయనేరీ? పైన చిక్కుకున్నారా? మనుషుల్ని పంపనా?"

"చిక్కుకోలేదు. ముందు నడుస్తున్నాడు. పటం ఆయన దగ్గరే ఉంది."

"టీ వేళ దాటితే ఎలాగూ పంపుతాను. ఆయన సంగతి నాకొదిలెయ్," అని ఐలీన్ మోకాళ్ళ మీద కూర్చుని బార్లీ కుంటికాలిని మెత్తగా తుడిచింది. లినెట్ మేడెక్కి తన బట్టలు మాత్రం సర్దుకొచ్చింది. అతని చొక్కాలు కుర్చీ మీద అలాగే ఉన్నాయి. మడతపెట్టబోయి మానేసింది. సంచి అడుగున తాళాలు తగిలాయి. ఎప్పుడో ఆమె గేటు స్తంభానికి కారు తగిలించిన నాటినుంచి అతను ఆమెకి స్టీరింగ్ ఇవ్వలేదు. మలుపులు తిరిగే ఈ ఇరుకు దారుల్లో, ఈ మంచులో, ఎలా? అతను కిందికి దిగొచ్చేసరికి కారు ఇంకా ఇక్కడే ఉంటే? ఆ రెండో భయమే పెద్దదిగా ఉంది.

బార్లీని వెనక సీట్లోకి ఎక్కించి, డ్రైవరు సీటు తన కాళ్ళకి అందేలా ముందుకు జరుపుకుంది. ఐలీన్ కిటికీ దగ్గరికొచ్చి వంగింది. అలవాటైన మాటే అడిగింది, ఈసారి లినెట్ కళ్ళల్లోకి చూస్తూ.

"ఎటు వెళ్తున్నావమ్మా? ఎప్పటికొస్తావు?"

"మా అక్క దగ్గరికి. మీ మనసులోనే ఉంచుకోండి." తాళం తిప్పింది. రెండో ప్రశ్నకి నాలుక చివరిదాకా వచ్చిన సారీని మింగేసింది.

"రాను."