పిరోహీ బల్ల మీద వెలుతురు

కెనడాలోని విన్నిపెగ్‌లో లైట్ల దుకాణం నడిపే మైరన్ ఏ గదినైనా అంగుళాల్లోనే చూస్తాడు. ఉక్రేనియన్ చర్చి నేలమాళిగలో కప్పు ఎత్తు ఆరున్నర అడుగులు. వేలాడే దీపం పెడితే అందులో తొమ్మిది అంగుళాలు మింగుతుంది. పాత ట్యూబ్ లైటు పెట్టె నాలుగు మింగుతుంది. అప్పడంలాంటి గుండ్రటి లైటుకు ఒక్క అంగుళం చాలు. మనిషి నెత్తికి ఎంత మిగులుతుందో చూసి సరుకు ఎంచడమే ఆయన వ్యాపారం.

ఆ నేలమాళిగలో ప్రతి బుధవారం పొద్దున పదిమంది ఆడవాళ్ళు చేరి చర్చి కోసం పిరోహీలు చేస్తారు. చూడ్డానికి చిన్న కజ్జికాయలే, లోపల మాత్రం ఉర్లగడ్డ ముద్ద. అంచు ఎక్కడైనా విచ్చుకుంటే మరిగే నీళ్ళలో ముద్ద బయటపడి కుండంతా గంజి అవుతుంది. అందుకని ప్రతి పళ్ళెమూ బల్ల చివర కూర్చున్న స్తెఫానియా చూశాకే పొయ్యి దగ్గరికి వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. పోయిన నెలలో మూడు కుండలు పాడయ్యాయి. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్ళు. కుర్చీ ఆ పదిమందిలో ఒకతైన మార్తకు ఇస్తే మంచిదన్న మాట బల్ల చుట్టూ తిరగసాగింది.

స్తెఫానియా తనే మైరన్ దుకాణానికి వచ్చింది.

“నా కళ్ళు బాగానే ఉన్నాయిరా. ఆ నేలమాళిగకే చూపు లేదు. లైట్లు మార్చు. అప్పటికీ కనబడకపోతే కుర్చీ నేనే వదిలేస్తా.”

“లైట్లకు గ్యారంటీ ఇస్తానత్తా. కళ్ళకు ఇవ్వను.”

“నిన్నెవడు అడిగాడు? నెత్తికి తగలకుండా పెట్టు, చాలు.”

మంగళవారం ఆరు గుండ్రటి లైట్లు బిగించాడు. బుధవారం ఆడవాళ్ళు వచ్చేసరికి గది తెల్లగా వెలిగిపోతోంది.

“ఆపరేషన్ గదిలో పిండి పిసకమన్నట్టుంది,” అంది మార్త. ఇరవై పిరోహీలు పళ్ళెంలో పేర్చి, “వీటిలో ఐదింటికి అంచులు సరిగా నొక్కకుండా వదిలేశాను. తియ్యండత్తా,” అని ముందు పెట్టింది.

స్తెఫానియా రెండే తీసింది. మార్త మిగిలిన మూడింటినీ వేలితో తట్టి చూపించింది. ఎవరూ తలెత్తలేదు. స్తెఫానియా నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పబోయింది.

లైట్లు ఎలా పనిచేస్తున్నాయో చూద్దామని వచ్చిన మైరన్ వంగి చూశాడు. ఆ మూడింటిలో రెండు ఆయనకూ కనబడలేదు. తెల్లటి పిండి, తెల్లటి బల్ల, పైనుంచి తెల్లటి వెలుతురు. అంచుకు నీడే లేదు. ఆరు మంచి లైట్లు పెట్టి ఆవిడ కేసు తనే చెడగొట్టాడని లెక్క తేలింది.

“ఆగు అత్తా, ముడి విప్పకు,” అని ఆ కుర్చీ మీదున్న లైటు ఆర్పాడు. జేబులోని టార్చి తీసి బల్లకు జానెడు ఎత్తులో పక్కనుంచి వేశాడు. ప్రతి నొక్కుకూ నీడ పడింది. విచ్చుకున్న చోట్లు నల్లదారం ముక్కల్లా తేలాయి.

ఆర్పిన లైటునే ఊడదీసి, గోడ వెంట తీగ దించి, బల్లకు జానెడు పైన గోడకే బిగించాడు. అరగంట పట్టింది. ఈలోగా మార్త ఇంకో ఇరవై చేసింది. ఎన్ని వదిలేసిందో ఈసారి చెప్పలేదు.

స్తెఫానియా ఏడు తీసి పక్కన పెట్టింది.

“నేను వదిలింది ఆరే,” అంది మార్త.

“ఏడోది వదిలినట్టు నీకే తెలీదు.”

మార్త ముఖం బల్లకు దించి దాన్ని అటూ ఇటూ తిప్పింది. “ఉంది,” అంది.

“కనబడిందిగా. కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చో. రెండేళ్ళు చూస్తే నీకూ వస్తుంది.”

మైరన్ కప్పులో మిగిలిన బొక్కకు చెక్కమూత వేసి రంగు పూశాడు. ఆ కుర్చీ మీద ఒక అంగుళం తిరిగొచ్చింది.