బల్ల పొడవు ఎనిమిది జానలు

మూడో తరగతి లెక్కల పుస్తకంలో కొలతల పాఠం చివర ఒక ప్రశ్న ఉంది. "మీ ఇంట్లో ఒక బల్లను మీ జానతో కొలవండి. ఎన్ని జానలు?" కింద ఖాళీ గీత. ఆ గీత మీద చీమ పన్నెండు అని రాసింది. టీచరమ్మ దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఎనిమిది వేసి, మూడుసార్లు రాసుకురమ్మంది.

చీమ ఆ పిల్లకు ఇంట్లో పెట్టుకున్న పేరు. సన్నగా, నల్లగా ఉంటుంది, పట్టిన పని వదలదు. తండ్రి దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో కాపురం. బట్ట కత్తిరించే బల్లనే చీమ కొలిచింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చెయ్యి బారజాపి, నాలుక బయటపెట్టి, ఒక్కో జానకూ సుద్దతో గీత గీసి మరీ కొలిచింది. దర్జీ కళ్ళారా చూశాడు.

"టీచరు చెప్పాక ఇంకేంటే? మూడుసార్లు రాస్తే చేతులేం అరిగిపోవు," అంది తల్లి.

"చేతులు అరగవమ్మా, బల్ల అరగాలి," అంది చీమ. "పన్నెండుది ఎనిమిది అవ్వాలంటే నాలుగు జానలు అరగాలి కదా!"

"పిట్ట కొంచెం, కూత ఘనం. అంతా మీ పోలికే," అని తల్లి మొగుడి మీదికి తిరిగింది. "ఏదీ, మీరు కొలవండి చూద్దాం."

దర్జీ కొలిచాడు. సరిగ్గా ఎనిమిది. ముగ్గురూ కాసేపు బల్ల వంకే చూశారు.

"ఇంకేం మరి! టీచరమ్మ ఇంటికి రాకుండానే చెప్పింది. అదీ చదువంటే," అంది తల్లి.

"అది నాన్న చెయ్యి. మీ జానతో అని ఉంది పుస్తకంలో," అంది చీమ. తన చెయ్యి చాపి చూపించింది.

"రేపు నేనొచ్చి చెప్తాలే," అన్నాడు దర్జీ. ఆ పిల్ల అతని వంక చూసిన చూపులో తను ఎంత పొడుగ్గా కనిపించాడంటే, ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా నిటారుగానే కూర్చున్నాడు.

మర్నాడు బడి గుమ్మం దాటగానే ఆ పొడుగు కాస్తా కుంచించుకుపోయింది. అతను ఐదో తరగతిలో బడి మానేశాడు. మానేశాక కూడా ఎర్ర సిరా చూస్తే అరచేతులు చెమర్చడం మానలేదు. పిల్లలు కూర్చునే బెంచీ చూపించి కూర్చోమన్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. చీమ తలుపు పక్కన నిలబడింది.

"చూడండి, క్లాసులో నలభై ఇద్దరున్నారు," అంది టీచరమ్మ. "నలభై ఒక్కరికి ఎనిమిది వచ్చింది. మీ అమ్మాయికే పన్నెండు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎలాగండీ?"

ఆ నలభై ఒక్కరిలో ముగ్గురి ఇళ్ళలో అసలు బల్లే లేదని చీమ ముందే చెప్పింది. ఆ మాట దర్జీ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. లేవమన్నా లేవలేదు.

హెడ్మాస్టరు వచ్చి గైడు తెరిచి, జవాబు మీద వేలు పెట్టి చూపించాడు. ఎనిమిది అనే ఉంది. "ఒక్కొక్కరికీ ఒక్కో జవాబొస్తే మేం దిద్దేదెలాగయ్యా? అయినా కొలతలంటే మాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు కొలిచావా?"

"కొలిచాను సార్."

"ఎన్ని?"

చెప్పవలసినవి రెండు మాటలు. మొదటిది ఎనిమిది. రెండోది, అది నా చెయ్యి సార్, పిల్లది కాదు అని.

"ఎనిమిది సార్."

"శభాష్!" అన్నాడు హెడ్మాస్టరు.

ఆ మాట కోసం దర్జీ చిన్నప్పుడు బడిలో ఐదేళ్ళు కాచుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఆలస్యంగానైనా వచ్చింది. చెవుల్లోంచి వెచ్చగా దిగి వెన్నులో పాకింది. రెండో మాట చెప్తే అది వెనక్కి వెళ్ళిపోతుంది. తను అబద్ధమేమీ ఆడలేదు కదా అనుకున్నాడు. నిజాన్ని కూడా కావలసినంత మేరకే కత్తిరించి వాడుకోవచ్చని దర్జీకి ఇంకొకరు నేర్పాలా?

చీమ ఏడవలేదు. తన అరచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది, పాడైన సరుకును కొట్టువాడికి తిరిగిచ్చేముందు చూసినట్టు.

సాయంత్రం ఎనిమిదిని మూడుసార్లు ముత్యాల్లా రాసింది. "బుద్ధొచ్చింది," అంది తల్లి సంతోషంగా. దర్జీ మాత్రం ఆ వారంలో రెండు చొక్కాలకు చేతులు తిరగేసి కుట్టాడు.

ఆదివారం పక్కవీధి మందులషాపు యజమాని ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. మనిషికంటే ముందు బొజ్జ వస్తుంది. దర్జీకి ఏదో తోచింది. ఇదివరకు ఎప్పుడూ ఇవ్వని టేపు తీసి కూతురి చేతికిచ్చాడు. "నువ్వే కొలువమ్మా. నడుం ఎంతో చెప్పు, నేను రాసుకుంటా."

చీమ టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగొచ్చింది. టేపును దాని మొదటి కొసతో కలిపి పట్టుకుంది. టేపు వంక చూడలేదు.

"ఎంత రావాలి నాన్నా?"

మందులషాపాయన పకపకా నవ్వాడు. "బతకనేర్చిన పిల్లయ్యా! ముప్పై నాలుగు రావాలమ్మా. నా పెళ్ళినాటి కొలత."

"ముప్పై నాలుగు," అంది చీమ వెంటనే.

దర్జీ పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. "టేపు చూసి చెప్పు."

చీమ తండ్రి ముఖంలోకి చూసింది. కావలసిన అంకె అతని కనుబొమ్మల మధ్య ఎక్కడో రాసి ఉన్నట్టు వెతికింది. దర్జీ గోడవైపు తిరిగిపోయాడు. ఇక ఆ పిల్ల చూడ్డానికి టేపు తప్ప ఏమీ మిగలలేదు.

"ముప్పై ఆరా?"

దర్జీ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"ముప్పై ఎనిమిదా నాన్నా?"

అతను గోడనే చూస్తున్నాడు. మెడ నొప్పి పుట్టింది, అయినా తిరగలేదు. చాలాసేపటికి వెనకనుంచి, చేసిన తప్పు ఒప్పుకుంటున్నట్టుగా, సన్నగా వినబడింది.

"నలభై ఒకటి."

దర్జీ ఇటు తిరిగి నలభై ఒకటి అని రాసుకున్నాడు.

"పిల్లకి లెక్కలు రావేంటయ్యా?" అన్నాడు మందులషాపాయన, పొట్ట లోపలికి పీల్చుకుంటూ. "ఏ బళ్ళో వేశావసలు?"