రెండో కొలత

ఓడ కంపెనీ మనిషి మా ఇంటికి వచ్చి, గోడమీది ప్రపంచపటంలో సముద్రం నడిమధ్య పెన్సిలుతో ఒక చుక్క పెట్టాడు. "ఓడ మునిగింది ఇక్కడేనండీ" అని తల దించుకున్నాడు. అత్తయ్య లేచి వెళ్లి ఆ చుక్కను వేలితో తడిమింది. పక్కనే నిలబడి నేను పళ్లు నూరుకున్నాను. బడిలో భూగోళం చెప్పేదాన్ని, ఆ చుక్క వట్టి అబద్ధమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ అత్తయ్య ముఖం చూశాక నోరు పెగల్లేదు.

మా ఆయన్ను అందరూ రేడియో అనేవాళ్లు. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేవాడట. పెద్దయ్యాక సరుకుల ఓడలో రేడియో దగ్గరే ఉద్యోగం దొరికితే, "వాడి నోటికి జీతం కూడా ఇస్తారట" అని అత్తయ్య వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. పైగా ప్రతిదీ రెండేసిసార్లు చెప్పే అలవాటు ఒకటి. బస్సు నంబరు రెండుసార్లు. ఉల్లిపాయలు తెమ్మని రెండుసార్లు. నన్ను పెళ్లి చేసుకుంటావా అని కూడా వెంటవెంటనే రెండుసార్లు అడిగాడు. మొదటిదానికే తలూపానని చెప్పినా వినలేదు. సెలవుల్లో ఇంటికొస్తే నాకు చెవులు హోరెత్తిపోయేవి. ఇప్పుడు వంటింట్లో కుళాయి చుక్కలుగా కారుతుంటే ముందుగదిలోకి వినపడుతోంది.

ఆ ఓడ కెప్టెను పాతకాలం మనిషి. ఎక్కడి నుంచి బయలుదేరినా, ముందు మన రేవు అక్షాంశం దాకా వచ్చేవాడు. అక్కడ మలుపు తిప్పి, ఇక ఆ గీత వదలకుండా నేరుగా ఇంటికి నడిపేవాడు. "మన గీత ఎక్కేశామంటే సగం ఇంటికొచ్చినట్టే" అని మా ఆయన అనేవాడు. ఈసారి గీత ఎక్కాక తుఫాను పట్టుకుంది. ఎంత దూరం వచ్చారో, ఎంత వెనక్కి కొట్టుకుపోయారో ఎవరికీ తెలియదు. ఆయన ఆఖరి మాటలు ఎక్కడో దూరంగా పోతున్న మరో ఓడ విన్నది. అక్షాంశం చెప్పాడు. "రేఖాంశం" అన్నాడు. అంతే, ఆ తరవాత గరగర. రోజుల తరబడి వెతికారు. ఒక్క చెక్కముక్క దొరకలేదు.

అంత సముద్రంలో చుక్క ఎక్కడ పెట్టాలో కంపెనీ మనిషికి మాత్రం ఎలా తెలుస్తుంది? ముసలావిడ అడుగుతోంది, ఏదో ఒకటి చూపించాలి. గీత మీద చూడ్డానికి బాగున్నచోట పెట్టేశాడు. అంతటితో ఊరుకోకుండా, తమ ఓడ ఒకటి అటు వెళుతోందనీ, కావాలంటే ఆవిడను తీసుకెళ్లి ఆ చోట కాసేపు ఆపుతామనీ, పూలు వెయ్యొచ్చనీ మాట ఇచ్చాడు.

"పూలెందుకు? వాడికి చొక్కా ఇవ్వాలి" అంది అత్తయ్య.

అత్తయ్య దర్జీ. మా ముందుగదే ఆవిడ దుకాణం. కిటికీ కింద మిషను, గోడ పొడుగునా కత్తిరింపు బల్ల, ఎక్కడ కాలు పెట్టినా గుచ్చుకునే గుండుసూదులు. వెళ్లేముందు మా ఆయన నీలం గుడ్డ తెచ్చిచ్చి, చొక్కా కుట్టమన్నాడు. అందరికీ చెప్పినట్టే కొడుక్కీ "రేపు" అంది అత్తయ్య. వెళ్లేరోజుకి గుడ్డ కత్తిరించనే లేదు. "తిరిగొచ్చేసరికైనా కుట్టమ్మా, జేబు కాస్త పెద్దది పెట్టు, పెద్దది" అని ఆయన గుమ్మంలోంచి అరుస్తూ వెళ్లాడు. ఆ చొక్కా ఇప్పుడు అంతా అయిపోయి, జేబు ఒక్కటే మిగిలింది.

ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఒకరోజు అత్తయ్య నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఈ అక్షాంశం రేఖాంశం అంటారే, అవేంటో నాకు నేర్పు."

"ఎందుకత్తయ్యా ఇప్పుడు?"

"నీళ్లలో ఎక్కడో ఓడ ఆపి ఇదే చోటంటే నేనెలా నమ్మేది? కొట్లో గుడ్డ కొన్నా నా టేపు పెట్టి చూసుకుంటాను. వాడి చోటు నేను కొలుచుకోవద్దూ?"

నేర్పితే ఆ చుక్క అబద్ధమని బయటపడిపోతుంది. "రేపు చెబుతాలెండి" అన్నాను.

"దర్జీకే రేపంటావా? ఆ మాటకు అర్థం నాకంటే ఎవరికి తెలుసు?" అంది. కొడుకు పోయాక ఆవిడ నోట హాస్యం రావడం అదే మొదటిసారి. ఎలా కాదనను?

ఆదివారం మధ్యాహ్నం బడి గ్లోబు తెచ్చి కత్తిరింపు బల్ల మీద పెట్టాను. పిల్లలు ఎన్నోసార్లు కింద పడేసి ఒకవైపు సొట్ట పెట్టిన గ్లోబు. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని, బడిపిల్లలా కుర్చీ దగ్గరికి లాక్కుంది. మెడలో టేపు అలాగే ఉంది.

"ఈ అడ్డగీతలు అక్షాంశాలు. నడుము చుట్టూ కొలత తీస్తారు చూడండి, అలాంటివి. నడిమధ్యది భూమధ్యరేఖ, అది సున్నా. అక్కడి నుంచి పైకి ఎంత, కిందికి ఎంత అన్నది అక్షాంశం. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గిపోతుంది."

"టోపీ లాగా."

"అవును. ఈ నిలువుగీతలు రేఖాంశాలు. టోపీ ముక్కల కుట్లన్నీ పైన ఒక్కచోట కలుస్తాయి కదా, ఇవీ అంతే."

"మరి అడ్డగీతలకు నడుము ఉంది. నిలువుకుట్లకు మొదలేది? అన్నీ ఒకేలా ఉన్నాయిగా?"

నా క్లాసులో ఈ ప్రశ్న ఒక్కరు అడిగితే నేను పొంగిపోయేదాన్ని. "మొదలంటూ లేదు. దేశాలన్నీ కూర్చుని ఒక గీతను సున్నా అని ఒప్పుకున్నాయి" అన్నాను.

"ఊరికే ఒప్పుకుని ఉండరు. కొట్టుకుని ఉంటారు" అంది.

ఇద్దరం నవ్వాం. ఇక్కడితో ఆపేస్తే బాగుండునని నాకు అనిపించింది. కానీ అత్తయ్య గీతలమీద వేలు కదుపుతూ, "ఇందులో చోటు ఎలా దొరుకుతుంది?" అంది. నేను అటూ ఇటూ చూశాను. బల్ల చివర నీలం చొక్కా ఉంది, దానిమీద విడిగా జేబు గుడ్డ.

"జేబు ఎక్కడ పెట్టాలో మీకెలా తెలుస్తుంది అత్తయ్యా?"

"భుజం నుంచి ఇంత కిందికి, గుండీల పట్టీ నుంచి ఇంత పక్కకి. రెండూ కలిసిన చోట జేబు మూల."

"అదే. భుజం నుంచి కిందికి కొలిచేది అక్షాంశం అనుకోండి, పట్టీ నుంచి పక్కకి కొలిచేది రేఖాంశం."

"ఇంతేనా? దీనికేనా పిల్లలు మీ క్లాసులో నిద్రపోయేది?" అని సంతోషంగా జేబు గుడ్డ తీసి చొక్కామీద ఆనించింది. "భుజం నుంచి కొలత ఒక్కటే ఉంటే మరి జేబు చంకలోకైనా పోవచ్చు, వీపు మీదికైనా..."

ఆవిడ చేయి ఆగిపోయింది. జేబు గుడ్డ అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"వాడు రెండోది చెప్పలేదన్నారుగా?"

నేను గ్లోబును పక్కకి జరిపాను.

"మరి ఆ పెన్సిలు చుక్క ఎవరి కొలత?"

"ఎవరిదీ కాదత్తయ్యా."

"నీకు తెలుసా?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జేబు గుడ్డ మడిచి బల్లమీద పెట్టింది. "వాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట మింగకు" అంది.

ఇన్నాళ్లూ లోపల కుతకుతలాడిపోతున్నది ఒక్కసారిగా పొంగింది. నాకు కోపం వస్తే నోటికి హద్దుండదు. "ఏమంటారు? అక్షాంశం చెప్పారు. ఊరుకున్నారా? మళ్లీ మొదటినుంచి అదే అక్షాంశం చెప్పారు! రెండుసార్లు! అప్పటికే నీళ్లు వచ్చేస్తున్నాయట. ఆ రెండోసారి బదులు రేఖాంశం చెప్పి ఉంటే తెల్లారేసరికి ఓడలు వెళ్లేవి. బతికుండేవారేమో. ఏం అలవాటండీ అది? చావు ముంచుకొస్తుంటే కూడా రెండుసార్లేనా?"

అత్తయ్య మెడలోంచి టేపు తీసేసింది.

"ఆ అలవాటు నేను చేసిందే" అంది.

అప్పుడుగానీ నాకు తెలియలేదు. చిన్నప్పుడు అత్తయ్య కొలత తీసి పైకి చెబుతుంటే ఆయన పలకమీద రాసేవాడట. ఒకసారి ఏదో తప్పు రాశాడు. ఎవరిదో ఖరీదైన గౌను పాడైంది. "చెంప పగలగొట్టాను అమ్మాయ్. ప్రతి కొలతా రెండుసార్లు పైకి చెప్పు, మొదటిది ఖాయం చేసుకోకుండా రెండోదానికి వెళ్లావో చంపేస్తానన్నాను. చంపేస్తానన్నాను" అంది అత్తయ్య. తనూ రెండుసార్లు అన్నదని ఆవిడకు తెలియలేదు.

నా నాలుక కోసేసుకోవాలనిపించింది. రేడియోలో అందరూ అంకెలు రెండుసార్లే చెబుతారనీ, అది వాళ్ల పద్ధతనీ చెప్పాను. అది నిజమే. ఆవిడ వినలేదు. తల్లికి తన చెయ్యే గుర్తుంటుంది, కంపెనీ పద్ధతులు కాదు.

గ్లోబును దగ్గరికి లాక్కుని, "ఆ మొదటి అంకె మీద ఇంకా ఏమేం ఉన్నాయి?" అని అడిగింది.

మిషను మీది ఉండలోంచి నీలం దారం లాగి, ఆ గీత వెంట గ్లోబు చుట్టూ చుట్టాను. సముద్రం దాటింది, ఎవరివో ఎడారులు, కొండలు దాటింది, మళ్లీ సముద్రం. చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఆ చోట వేలు పెట్టాను.

"ఇది మన ఊరు. ఆయన చెప్పింది మన అంకే అత్తయ్యా. రేవు, ఈ వీధి, ఈ ఇల్లు అన్నీ ఈ దారం మందంలో ఉన్నాయి."

"అయితే వాడు దారి తప్పలేదు."

"తప్పలేదు. ఇంటికే వస్తున్నారు."

అత్తయ్య బల్లమీదికి వాలిపోయి, ఆ సొట్ట గ్లోబును రెండు చేతులతో పొదివి పట్టుకుని ఏడ్చింది. కబురు వచ్చినప్పటి నుంచి కంపెనీమీద, తుఫానుమీద, ఆయనమీద కోపంతో నేను కన్నీరు పెట్టలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ వీపుమీద తల పెట్టి గొంతెత్తి ఏడ్చాను. నాకు ఆయన కావాలి. గీత కాదు, చుక్క కాదు, చెవులు హోరెత్తించే ఆ మనిషి కావాలి.

కంపెనీ ఓడ అత్తయ్య లేకుండానే వెళ్లింది. పటంమీద చుక్కను ఆవిడే బొటనవేలితో రుద్దేసింది. అక్కడ సముద్రం కాస్త మాసినట్టుంటుంది. చొక్కాకు జేబు కుట్టలేదు.

బడి నుంచి వచ్చాక ఇప్పుడు కొలతలు నేనే రాస్తున్నాను. అత్తయ్య టేపు లాగి భుజం చెబుతుంది, ఛాతీ చెబుతుంది, చేయి పొడుగు చెబుతుంది, ఎక్కడా ఆగదు. కుట్టుమిషన్ల వీధి కదా, బయటి చప్పుడులో నాకు ఒక్కోసారి సరిగా వినపడదు. మళ్లీ చెప్పమంటే తల అడ్డంగా ఊపుతుంది.

"ముందు అన్నీ చెప్పెయ్యనీ అమ్మాయ్" అంటుంది. "అన్నీ చెప్పాక అడుగు."