తుడిచినా పోని చుక్క

ఆత్మకూరులో మా కారం గిర్ని వెనక గదే ఈ వేసవికి నా పరిశోధనాలయం. యూనివర్సిటీ హాస్టల్ మూసేస్తే ఇంకెక్కడికి పోతాను? ముందు గదిలో అమ్మ సుల్తానాబీ మిరపకాయల్ని కారం పడుతుంటే, వెనక నేను తుమ్ముకుంటూ ఆకాశాన్ని గాలిస్తాను. మా ఇంట్లో దుప్పట్లకే కారం ఘాటు, ఇక ల్యాప్‌టాప్ తెర సంగతి చెప్పేదేముంది.

ఆ సాయంత్రం మా గైడ్ మనీషా మేడంతో వీడియో మీటింగ్ ఉంది. టెలిస్కోపు తీసిన ఫొటోలో నేను పట్టిన ఎర్రచుక్క విశ్వం తొలినాళ్ల గెలాక్సీ అని నా నమ్మకం. దానికీ మనకూ మధ్య గెలాక్సీల పెద్ద గుంపొకటి ఉంది. ఆ గుంపు బరువుకు వెనకనుంచి వచ్చే వెలుగు వంగి, భూతద్దంలో చూసినట్టు పెద్దదై, ఒకే గెలాక్సీ రెండు చోట్ల కనబడాలి. నాకు ఒక్కచోటే కనబడింది. జంట దొరక్కపోతే ఈ చుక్కను వదిలేద్దామని మేడం ముందే చెప్పేశారు. నా లెక్క చూపించిన చోటంతా జల్లెడ పట్టాను. ఏమీ లేదు. ఏడుపొచ్చింది, ఈసారి కారం వల్ల కాదు.

అమ్మ చాయ్ తెచ్చి నా మొహం చూసింది, తర్వాత తెర చూసింది.

"గిట్ల కారం పేరుకుంటే ఏం కనవడ్తది బిడ్డా? మేడం ముందర ఇజ్జత్ పోతది, జర జరుగు." కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. "ఇదేంది, ఈ ఒక్కటి పోతలేదు."

ఆ చుక్కను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో ఎర్రగా ఏది కనబడ్డా అది కారమే అనుకుంటాం. ఫొటోను పక్కకు జరిపాను. చుక్క కూడా జరిగింది. అంటే అది తెర మీది కారం కాదు, ఫొటోలోదే.

నీలం ఫిల్టర్‌తో తీసిన ఫొటోలో చూస్తే లేదు. ఎరుపుకు ఆవల, కంటికి కనబడని వెలుగులో తీసిన దాంట్లో ఉంది; అంత దూరపు గెలాక్సీలకు అదే గుర్తు. అచ్చం మొదటి చుక్క తీరే. చోటు కాస్త ఎడంగా ఉంది, తప్పింది నా లెక్కే. లేచి అమ్మను వాటేసుకుంటే చాయ్ ఒలికింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషపడలేదు.

అమ్మ కొంగు తడుపుకొని మళ్లీ వస్తుంటే చెయ్యి పట్టుకున్నాను. "తుడ్వకమ్మా. భూమి పుట్టకముందే బయల్దేరిన వెలుగు అది."

అమ్మ తెర వంక కాసేపు చూసి, ముందు గదిలోకి పోయి గిర్ని బంద్ చేసింది. మిరపకాయల సంచితో నిలబడ్డ జంగమ్మ ఏమైందని అడిగింది.

"జరసేపు ఆగు జంగమ్మా. మా నస్రీన్ కోసం మస్తు దూరంకెల్లి చుట్టమొచ్చింది. నేను కారమనుకొని తుడుస్తుంటి."